ఆఫీసుకూ, రేస్ ట్రాక్‌కూ ఒకే కారు: బ్రేకులను ఏ వరసలో మార్చుకోవాలి

వారంలో ఆరు రోజులు ఆఫీసుకూ, బడికీ, బజారుకూ తిరిగే కారునే ఏడాదికి రెండు మూడు సార్లు చెన్నై శివారులోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకో తీసుకువెళ్లాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణగా ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉన్న స్విఫ్ట్ వంటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుంటున్నాను. మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించేది ఆ తరగతి కారే. ఇలాంటి కారు ఉన్నవారు మొదట అడిగేది పెద్ద డిస్కుల గురించి, ఎర్ర రంగు వేసిన పెద్ద క్యాలిపర్ల (డిస్కును పట్టి ఆపే భాగాల) గురించి. నిజానికి అది చివరగా అడగవలసిన ప్రశ్న. ముందు బ్రేకు ఆయిలు, తరువాత ప్యాడ్లు (క్యాలిపరులో ఉండి డిస్కును రాసుకునే పలకలు), ఆ తరువాత టైర్లూ గాలి మార్గమూ చూసుకోవాలి. ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా బ్రేకులు చాలడం లేదని తేలితేనే డిస్కుల సైజు దాకా వెళ్లాలి. ఖర్చు కూడా దాదాపు ఇదే వరసలో పెరుగుతుంది కాబట్టి, ఈ క్రమం పాటించినవారిలో చాలామందికి మూడో మెట్టు దాటవలసిన అవసరమే రాదు.

అసలు సమస్య వేడి

బ్రేకు చేసే పని కారు వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చడం. డ్రైవరుతో కలిపి 1200 కిలోల బరువున్న కారు గంటకు 60 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగితే దాదాపు 1,67,000 జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారు ట్రాక్ మీద 160 నుంచి 60కి తగ్గితే, ఆగకపోయినా సరే, పది లక్షల జౌళ్లకు పైగా శక్తి బ్రేకుల్లోకి పోతుంది. శక్తి వేగానికి కాక వేగపు వర్గానికి అనుపాతంలో ఉండడం వల్ల ఒక్క మలుపు ముందు వేసిన ఆ బ్రేకు, ఊళ్లో సిగ్నళ్ల దగ్గర వేసే ఆరు బ్రేకులతో సమానమవుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుని, ఒక్కో డిస్కు 5 కిలోలు ఉందనుకుంటే, ఆ ఒక్క బ్రేకుతోనే డిస్కు ఉష్ణోగ్రత సుమారు 140 డిగ్రీలు పెరుగుతుంది. గాలి నిరోధం కొంత భారాన్ని తీసుకుంటుంది కాబట్టి వాస్తవంలో పెరుగుదల కొంచెం తక్కువే ఉంటుంది కానీ, తరువాతి మలుపు వచ్చేలోగా డిస్కు చల్లబడడానికి దొరికేది కొద్ది సెకన్లు మాత్రమే.

దీన్ని మనకు తెలిసిన దారితో పోల్చి చూడవచ్చు. తిరుమల నుంచి దిగడానికి ఇప్పుడు వాడుతున్న, 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. అదే 1200 కిలోల కారుకు ఆ దిగుడులో వదిలించుకోవలసిన శక్తి దాదాపు 80 లక్షల జౌళ్లు. రెండో గేరులో దిగేవారికి ఇందులో మంచి భాగాన్ని ఇంజనే మోస్తుంది. న్యూట్రల్‌లో దిగేవారికి మొత్తం బ్రేకుల మీదే పడుతుంది, కొండ దిగువన కాలిన వాసన వచ్చే కార్లు వారివే. ట్రాక్ మీద అంత శక్తి రెండు మూడు ల్యాపుల్లోనే (చుట్లలోనే), అంటే అయిదారు నిమిషాల్లోనే ఖర్చవుతుంది. ఘాట్ రోడ్డు మీద అరగంటకు పైగా సాగే పరీక్షను ట్రాక్ అంత తక్కువ సమయంలో పెడుతుందన్నమాట. ఢిల్లీ దగ్గరి బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో కిలోమీటరుకు పైగా పొడవున్న వెనుక స్ట్రెయిట్ చివర వేసే బ్రేకు ఇంకా కఠినమైనది. అయితే ఊరి డ్రైవింగులో ఏ లోపమూ చూపని బ్రేకులు ట్రాక్ మీద నాలుగో ల్యాపులో చేతులెత్తేశాయంటే ఆ బ్రేకులు చెడ్డవని అర్థం కాదు, అవి ఆ పనికి తయారైనవి కావంతే.

పెడలు ఏం చెబుతోందో వినడం

డబ్బు ఖర్చు పెట్టే ముందు, ఉన్న బ్రేకులు ఎక్కడ ఓడిపోతున్నాయో తెలుసుకోవాలి. అది పాదానికే తెలుస్తుంది. పెడలు మెత్తబడి, మామూలు కంటే లోతుగా వెళ్లి, రెండు మూడు సార్లు తొక్కితే తిరిగి గట్టిపడుతోందంటే, బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలం ప్యాడ్లను నొక్కే పిస్టనును నెట్టడానికి కాకుండా బుడగలను నలపడానికి పోతుంది. అలా కాక పెడలు రాయిలా గట్టిగా ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు మాత్రం ఆగనంటోందంటే, తప్పు ప్యాడ్లది: వాటిలోని బంధక పదార్థం కాలి, ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఘర్షణ పడిపోయింది. ఈ రెండు రోగాలకు మందులు వేరు. ఆయిలు మరిగే కారుకు ఖరీదైన ప్యాడ్లు వేస్తే జబ్బు ముదురుతుంది, ఎందుకంటే బలమైన ప్యాడ్లు ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుని, దాన్ని పిస్టను ద్వారా ఆయిలుకు చేరవేస్తాయి.

పెడలు గట్టిగా ఉండి, తొక్కగానే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) టకటకమని కొట్టుకుంటోందంటే బ్రేకులకు చాలినంత బలం ఉన్నట్టే. నేలను పట్టుకోలేకపోతున్నవి టైర్లు. అక్కడ పెద్ద డిస్కులు వేసినా ఆగే దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు. బలమైన మలుపు తిరిగిన తరువాత మొదటిసారి తొక్కినప్పుడు మాత్రమే పెడలు లోతుగా వెళుతూ, రెండోసారి మామూలుగా ఉంటే, అది చక్రం బేరింగు వదులై డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టడం వల్ల వచ్చేది. చాలామంది దీన్ని గాలి చేరడంగా పొరబడి పదే పదే బ్లీడింగ్ (గొట్టాల్లోని గాలినీ పాత ఆయిలునూ బయటకు తీయడం) చేయిస్తూ ఉంటారు. మొదట్లో నేనూ అలాగే రెండు డబ్బాల ఆయిలు వృథా చేశాను.

బ్రేకు ఆయిలు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం

మన మెకానిక్కులు బ్రేకు ఆయిలు అని పిలిచేది నిజానికి నూనె కాదు, గ్లైకాల్ జాతికి చెందిన ద్రవం. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా, ఆయిలు నిలవ ఉండే రిజర్వాయరు మూత గుండా తేమ నెమ్మదిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. అందుకే ప్రతి రకానికీ రెండు మరుగు స్థానాలు చెబుతారు: కొత్త డబ్బా తెరిచినప్పటిది ఒకటి, సుమారు 3.7 శాతం నీరు కలిసిన తరువాతిది మరొకటి. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకానికి ఇవి కనీసం 205, 140 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, డాట్ 4కు 230, 155, డాట్ 5.1కు 260, 180. ఈ అంకెల్లో రెండోదే మనకు ముఖ్యం. విశాఖ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో రెండు వర్షాకాలాలు చూసిన డాట్ 3 ఆయిలుతో ట్రాక్ మీదకు వెళ్లడమంటే, 150 డిగ్రీలకే మరిగే ద్రవం మీద ప్రాణాన్ని నిలపడమే.

ట్రాక్ కోసమే తయారయ్యే ఆయిళ్లు కూడా ఉన్నాయి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల వరకు మరగదు. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ 320 డిగ్రీల దాకా నిలుస్తుంది, తేమ చేరిన తరువాత కూడా 270 దాకా తట్టుకోవడం దాని ప్రత్యేకత, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఏడాదికి రెండు మూడు ట్రాక్ రోజులకు మొదటి తరగతి ఆయిలు చాలు, ట్రాక్‌కు వెళ్లే ముందు వారంలో మార్చుకుంటే. ఒక్క హెచ్చరిక: డాట్ 5 అనేది డాట్ 5.1కు చిన్న తమ్ముడేమీ కాదు. అది సిలికాన్ జాతి ద్రవం, మిగతావాటితో కలవదు, ఏబీఎస్ ఉన్న కారుకు పనికిరాదు. పేర్ల పోలిక చూసి మోసపోకూడదు. అలాగే మూత తీసి నెలల తరబడి గ్యారేజీ అటక మీద పెట్టిన డబ్బాలోని ఆయిలును, అది ఎంత మంచి కంపెనీదైనా, బ్రేకుల్లో పోయవద్దు.

మార్చే పద్ధతి తెలిసినదే అయినా, తప్పులు జరిగేది కూడా అక్కడే. కారును నాలుగు స్టాండ్ల మీద నిలిపి (జాకీ మీద వదిలి కింద చేతులు పెట్టవద్దు), రిజర్వాయరులోని నల్లబడిన ఆయిలును సిరంజీతో లాగేసి, కొత్తది నింపాలి. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు (పెడలు తొక్కుడును ఆయిలు ఒత్తిడిగా మార్చే భాగానికి) ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి మొదలుపెడతారు. మీ కారు సర్వీసు మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించండి. క్యాలిపర్ నిపిలుకు (ఆయిలును బయటకు వదిలే చిన్న మరకు) సరిగ్గా సరిపోయే రింగు స్పానరు పెట్టి, దాని మీదుగా పారదర్శకమైన గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను కొద్దిగా ఆయిలు పోసిన సీసాలో ముంచాలి. లోపల కూర్చున్నవారు పెడలును నెమ్మదిగా తొక్కి పట్టుకున్నప్పుడు నిపిలు పావు చుట్టు వదులు చేయాలి. ఆయిలు పారడం తగ్గగానే నిపిలు బిగించి, ఆ తరువాతే పెడలు వదలమని చెప్పాలి. ఈ వరస తారుమారైతే బయటి గాలి లోపలికి పోతుంది. పాత కారైతే పెడలును అడుగుదాకా తొక్కించవద్దు; మాస్టర్ సిలిండరులో రోజూ కదలని భాగంలో పట్టిన తుప్పు మీద సీళ్లు రాసుకుని చిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకని పెడలు కింద ఒక చెక్క ముక్క పెట్టుకోవడం మంచిది. రిజర్వాయరు ఏ దశలోనూ ఖాళీ కాకూడదు. గొట్టంలో బుడగలు ఆగి, తేటైన కొత్త ఆయిలు వచ్చేదాకా చేస్తే చిన్న కారుకు మొత్తం మీద ఒక లీటరు సరిపోతుంది. ఆయిలు పెయింటు మీద పడితే రంగును తినేస్తుంది కాబట్టి వెంటనే నీటితో కడగాలి.

ఏబీఎస్ పెట్టెలో చిక్కుకున్న పాత ఆయిలు ఈ పద్ధతితో పూర్తిగా బయటకు రాదు. స్కానరుతో ఏబీఎస్ పంపును నడిపించగల వర్క్‌షాపు ఉంటే అక్కడ చేయించండి. లేకపోతే ఖాళీ మైదానంలో నాలుగైదు సార్లు ఏబీఎస్ పనిచేసేలా బ్రేకు వేసి, తిరిగి వచ్చి మరోసారి బ్లీడింగ్ చేయండి.

ప్యాడ్లు: ఉదయం చల్లటి బ్రేకు కూడా పట్టుకోవాలి

ప్యాడ్ల ఎంపికలోనే రోజువారీ అవసరానికీ ట్రాక్ అవసరానికీ నిజమైన గొడవ ఉంది. కంపెనీ ప్యాడ్లు చప్పుడు చేయకుండా, ధూళి తక్కువ రాల్చుతూ, చలికాలం తెల్లవారుజామున మొదటిసారి తొక్కినా పట్టుకునేలా తయారవుతాయి. అందుకు ప్రతిఫలంగా ఎక్కువ వేడి దగ్గర ఘర్షణ కోల్పోతాయి. పూర్తి రేసింగు ప్యాడ్ల గుణం దీనికి తలకిందులు: వేడెక్కిన తరువాత అద్భుతంగా పట్టుకుంటాయి, చల్లగా ఉన్నప్పుడు మాత్రం పట్టు తక్కువ, కీచుమనే చప్పుడు ఎక్కువ, డిస్కును కూడా త్వరగా అరగదీస్తాయి. అలాంటి ప్యాడ్లతో ఉదయం అపార్ట్‌మెంటు సెల్లార్ నుంచి బయటకు రాగానే ఎదురుగా పిల్లవాడు బంతి వెనుక పరుగెత్తుకొస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఈ రెండింటి మధ్యలో ఫాస్ట్ రోడ్ అని పిలిచే తరగతి ఒకటి ఉంది. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ ఎల్లోస్టఫ్ వంటివి ఆ కోవలోనివి. చల్లగా ఉన్నప్పుడు తగినంత పట్టు, కంపెనీ ప్యాడ్ల కంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకునే శక్తి, కొంచెం చప్పుడు, కొంచెం ఎక్కువ ధూళి ఉంటాయి. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే ట్రాక్‌కు వెళ్లేవారికి ఈ మధ్య తరగతే సరైనదని నా అభిప్రాయం.

రెండు సెట్లు పెట్టుకుని ట్రాక్ దగ్గర మార్చుకోవడం రెండో మార్గం. హైదరాబాదు నుంచి చెన్నైకి 600 కిలోమీటర్లకు పైగా హైవే మీద ప్రయాణించి, మర్నాడు ట్రాక్ మీద తిరిగి, మూడో రోజు అదే కారులో ఇంటికి రావాలి. దారిలో వాన పడవచ్చు, గేదెలు అడ్డం రావచ్చు. ఆ ప్రయాణంలో రోడ్డు ప్యాడ్లు, ట్రాక్ మీద ట్రాక్ ప్యాడ్లు ఉండడం ఆదర్శమే. అయితే ప్యాడు పదార్థం సన్నటి పొరగా డిస్కు మీద అంటుకుని, ఆ పొర మీదే పని చేస్తుంది కాబట్టి, పొంతన లేని రెండు రకాలను ఒకే డిస్కు మీద మార్చి మార్చి వాడితే పట్టు ఎగుడుదిగుడుగా ఉండి స్టీరింగు వణుకుతుంది. రెండు సెట్లు ఒకే తయారీదారువై, కలిపి వాడవచ్చని వారే చెప్పినవైతే మేలు.

ప్యాడు అంచు మీద ముద్రించిన రెండు అక్షరాల సంకేతాన్ని చదవడం నేర్చుకోండి. మొదటి అక్షరం మామూలు వేడి దగ్గరి ఘర్షణ గుణకాన్ని, రెండోది ఎక్కువ వేడి దగ్గరి గుణకాన్ని చెబుతుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటి దాని కంటే తక్కువైతే ఆ ప్యాడు వేడికి తగ్గిపోతుందని అర్థం. ఈ సంకేతం ట్రాక్ మీది అత్యధిక వేడి గురించి ఏమీ చెప్పదు, కాబట్టి దీన్ని తీర్పుగా కాక తొలి వడపోతగా మాత్రమే వాడుకోవాలి. యూరప్‌లో ఉంటున్న తెలుగువారు ఇంకొకటి గమనించాలి: అక్కడ రోడ్డు మీద వాడే ప్యాడుకు ఈసీఈ ఆర్90 ఆమోదం ముద్ర ఉండాలి, రేసింగు ప్యాడ్లలో చాలావాటికి అది ఉండదు.

బిగించేటప్పుడు క్యాలిపరును గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. పిస్టనును వెనక్కి నొక్కినప్పుడు రిజర్వాయరు పొంగుతుంది, ముందే కొంత ఆయిలు తీసి ఉంచుకోవాలి. క్యాలిపర్ జారే పిన్నులను శుభ్రం చేసి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పిన్ను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఒక వైపు ప్యాడు ఏటవాలుగా అరిగి, రెండో వైపుది కొత్తదిలా ఉందంటే ఆ పిన్నే కారణం. బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: కారు కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. వెనక్కి నొక్కిన పిస్టన్లు ముందుకు రాకముందే గేరు వేస్తే, మొదటి తొక్కుడుకు బ్రేకు ఉండదు. కొత్త ప్యాడ్లు వేసిన కారు షాపు గోడకు కొట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడాన్ని బెడ్డింగ్ అంటారు. ఖాళీ రోడ్డు మీద, వెనుక ఎవరూ లేరని చూసుకుని, 90 నుంచి 20 దాకా మధ్యస్థమైన బలంతో ఎనిమిది పది సార్లు వేగం తగ్గించాలి, ఒక్కసారి కూడా పూర్తిగా ఆగకూడదు. తరువాత పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లబరచాలి. ప్యాడ్ల తయారీదారు వేరే పద్ధతి ఇస్తే దాన్నే అనుసరించాలి. వేడిగా ఉన్న డిస్కు మీద పెడలు తొక్కి పట్టుకుని ఆగిపోతే ప్యాడు ఆకారంలో మచ్చ అంటుకుంటుంది. ఆ తరువాత వచ్చే వణుకును మెకానిక్కులు డిస్కు వంకరపోయిందని చెప్పి లేత్‌కు పంపిస్తారు. చాలాసార్లు డిస్కు వంగదు, దాని మీద పొర సమానంగా ఉండదంతే. మళ్లీ సరిగా బెడ్డింగ్ చేస్తే కొన్నిసార్లు పోతుంది కూడా.

వెనుక డ్రమ్ములను జనం మరిచిపోతారు. ట్రాక్ మీద వాటి వాటా తక్కువే అయినా, బ్రేకు షూలు నూనె అంటి మెరుస్తున్నా, సర్దుబాటు వదులైనా పెడలు లోతుగా వెళుతుంది. ఆ లోపం ముందు బ్రేకులదని భ్రమపడతాం. డ్రమ్ము విప్పి, ధూళిని గాలితో ఊదకుండా బ్రేకు క్లీనరుతో కడిగి, షూలను సరిచేయించడం ఒక పూట పని.

డిస్కులు, గొట్టాలు, గాలి

పాత సైజులోనే మంచి డిస్కులు చాలు. ట్రాక్‌కు రంధ్రాలు చేసిన డిస్కులు వద్దు. చూడడానికి బాగుంటాయి గానీ వేడెక్కి చల్లారే క్రమంలో రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు మొదలవుతాయి. గీతలు కోసినవి పర్వాలేదు, అయితే ప్యాడ్లను కొంచెం త్వరగా అరగదీస్తాయి. మధ్యలో గాలి మార్గాలున్న సాదా పోత ఇనుప డిస్కే నా ఎంపిక. డిస్కు మీద దాని కనీస మందం పోసి ఉంటుంది, అంతకంటే అరిగినదాన్ని ట్రాక్‌కు తీసుకువెళ్లకూడదు. కొత్తది బిగించే ముందు హబ్బు (చక్రం, డిస్కు బిగించే భాగం) ముఖం మీది తుప్పును వైరు బ్రష్‌తో పూర్తిగా తీసేయాలి. అక్కడ మిగిలిన చిన్న పొర డిస్కు అంచు దగ్గరికి వచ్చేసరికి వణుకుగా మారుతుంది.

స్టీలు అల్లిక గొట్టాలు బ్రేకు బలాన్ని పెంచవు. పాత రబ్బరు గొట్టాలు ఒత్తిడికి ఉబ్బడం వల్ల వచ్చే మెత్తదనాన్ని తగ్గించి, పెడలుకు స్పష్టతను ఇస్తాయి. పదేళ్లు దాటిన కారైతే ఎలాగూ గొట్టాలు మార్చాలి కాబట్టి అప్పుడు వేసుకోవచ్చు. ప్రతిసారీ కొత్త రాగి వాషర్లు వాడాలి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. ముందు బంపరులో ఫాగ్ ల్యాంపు ఉండే చోటు నుంచి 75 మిల్లీమీటర్ల గొట్టంతో డిస్కు మధ్య భాగానికి గాలిని తెచ్చే ఏర్పాటు, పెద్ద డిస్కుల ధరలో చిన్న భాగంతోనే అయిపోతుంది. గాలి డిస్కు ముఖం మీదకు కాక మధ్యలోకి చేరాలి, అప్పుడే లోపలి మార్గాల గుండా బయటకు వెళుతూ రెండు వైపులా సమానంగా చల్లబరుస్తుంది. డిస్కులు నిజంగా ఎంత వేడెక్కుతున్నాయో తెలుసుకోవడానికి అంచు మీద పూసే ఉష్ణోగ్రత రంగులు దొరుకుతాయి. ఆకుపచ్చది 430 డిగ్రీల దగ్గర, నారింజది 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర మారిపోతాయి. మూడూ మారి ఉంటే అప్పుడు పెద్ద డిస్కుల గురించి మాట్లాడుకోవచ్చు.

పెద్ద క్యాలిపర్ల లెక్క

పెద్ద డిస్కు రెండు పనులు చేస్తుంది: ఎక్కువ ఇనుముతో ఎక్కువ వేడిని మోస్తుంది, వ్యాసార్ధం పెరగడం వల్ల అదే ఒత్తిడికి ఎక్కువ ఆపుదల ఇస్తుంది. ప్యాడు పనిచేసే వ్యాసార్ధం 105 మిల్లీమీటర్ల నుంచి 120కి పెరిగితే ముందు బ్రేకు బలం 14 శాతం పెరుగుతుంది. వెనుక బ్రేకు అలాగే ఉండిపోతుంది కాబట్టి ముందు టైర్లు త్వరగా పట్టు కోల్పోతాయి. మొత్తం మీద ఆగే దూరం పెరిగే అవకాశం కూడా ఉంది.

క్యాలిపరులో పిస్టన్ల సంఖ్య కంటే వాటి వైశాల్యం ముఖ్యం. రెండు వైపులా పిస్టన్లున్న క్యాలిపరును కంపెనీ ఒంటి పిస్టను క్యాలిపరుతో పోల్చేటప్పుడు ఒక వైపు పిస్టన్లనే లెక్క పెట్టాలి. 54 మిల్లీమీటర్ల ఒంటి పిస్టను వైశాల్యం 22.9 చదరపు సెంటీమీటర్లు. 38 మిల్లీమీటర్ల నాలుగు పిస్టన్ల క్యాలిపరులో ఒక వైపు రెండింటి మొత్తం 22.7. అంటే ఈ రెండూ సమానం, మాస్టర్ సిలిండరు మార్చనక్కర లేదు, పెడలు ప్రయాణం కూడా మారదు. 44 మిల్లీమీటర్ల పిస్టన్లు వేస్తే ఆ మొత్తం 30 దాటుతుంది, పెడలు మూడో వంతు ఎక్కువ దూరం వెళ్లాలి. కిట్ అమ్మేవారిని ఈ లెక్క అడగండి. చెప్పలేనివారి దగ్గర కొనకండి. చక్రం లోపల క్యాలిపరుకూ రిమ్ముకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, 15 అంగుళాల రిమ్ములో చాలా కిట్లు పట్టవు.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. అదే కొలతల ప్యాడ్లు, ఆయిలు మామూలు నిర్వహణ కిందకే వస్తాయి గానీ, క్యాలిపర్లు, డిస్కుల సైజు మార్చే ముందు రవాణా అధికారులనూ బీమా సంస్థనూ సంప్రదించాలి. మామూలు కారు బీమా రేసింగుకూ వేగ పరీక్షలకూ వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద జరిగే నష్టం మీ జేబు నుంచే పోతుందని ముందే ఒప్పుకుని వెళ్లాలి.

ట్రాక్ రోజున

సగానికి మించి అరిగిన ప్యాడ్లతో ట్రాక్‌కు వెళ్లవద్దు. మందం తగ్గే కొద్దీ పిస్టనుకు చేరే వేడి పెరుగుతుంది, అప్పుడు ఎంత మంచి ఆయిలైనా మరుగుతుంది. మొదటి ల్యాపు బ్రేకులను వేడెక్కించడానికే అనుకోండి. బ్రేకును గట్టిగా, తక్కువ సేపు వేయండి. భయంతో దూరం నుంచే మెల్లగా తొక్కి పట్టుకునేవారి డిస్కులే ఎక్కువ వేడెక్కుతాయి, వాటికి మధ్యలో చల్లారే వ్యవధి దొరకదు కాబట్టి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, కంపెనీ డిస్కులతో నాలుగైదు వేగమైన ల్యాపులు, ఒక చల్లార్చే ల్యాపు, తరువాత పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) రావడం అనే పద్ధతి పెట్టుకుంటే బ్రేకులు రోజంతా నిలుస్తాయి.

పిట్‌లో ఆగాక హ్యాండ్ బ్రేకు లాగవద్దు, పెడలు మీద కాలు ఉంచవద్దు. గేరులో పెట్టి చక్రం కింద ఇటుకో చెక్కో పెట్టండి. ప్రతి సెషను తరువాత పెడలు ఎత్తును చేతితో నొక్కి చూడండి, ప్యాడ్ల మందాన్ని రిమ్ము సందులోంచి టార్చి వేసి చూడండి, చల్లబడిన తరువాత చక్రాల నట్లను బిగించి చూడండి. పెడలు కొంచెం మెత్తబడిందనిపించినా అక్కడే బ్లీడింగ్ చేయండి. అర లీటరు ఆయిలు, గొట్టం, స్పానరు డిక్కీలో ఉండాలి.

ఇంటికి బయలుదేరే ముందు నాలుగు చక్రాలూ విప్పి, పిస్టను రబ్బరు తొడుగులు కాలి పెళుసుబారాయేమో, డిస్కు మీది సన్నని గీతలు అంచుదాకా సాగాయేమో చూడండి. అంచుకు చేరిన పగులు ఉన్న డిస్కుతో హైవే ఎక్కకూడదు, అక్కడే మార్చాలి. అందుకే వెళ్లేటప్పుడే పాత డిస్కుల జతను, పాత ప్యాడ్ల సెట్టును గోనెసంచిలో చుట్టి వెనుక సీటు కింద పెట్టుకుని వెళతాను.